దిద్దిన గాంధారం

"పెట్టెని జాగర్తగా ఎత్తరా శివాజీ. అది సెరుకు మోపు కాదు," అన్నాడు పెదబాబు.

ఆటో శివాజీ హార్మోనియాన్ని రెండు చేతులా ఎత్తి వెనక సీటు మీద పెట్టాడు. దాని పక్కన పెదబాబు చేతిసంచి. అందులో రెండు పంచెలు, బీపీ మాత్రలు, కళ్ళజోడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి ఇంటి మీద అలిగి వెళ్ళిపోతున్నాడు. వెళ్ళేదెక్కడికయ్యా అంటే వడ్డాదిలో చెల్లెలి ఇంటికి. గట్టిగా అరగంట ప్రయాణం. కానీ ఆ బయల్దేరడంలో దర్జా చూడాలి, కాశీకి వెళ్ళేవాళ్ళకి కూడా అంత ఉండదు.

"పదకొండింటికి ఫోనొస్తాదని తెలిసి, పదిన్నరకి బయల్దేరతావేటి నువ్వు?" నూకరత్నం గేటుకి అడ్డంగా నిలబడింది. చింతపండు పిసుకుతున్న గిన్నె చేతిలో అలాగే ఉంది. "ఆ హైదరాబాదు మేడమ్ పెట్టె సూపించమంటాది. కోడలు ఏటి సూపిస్తాది? నీ ఖాళీ కుర్సీయా?"

"దిద్దుకుంది కదా. ఆ దిద్దిందే సూపించుకోమను."

"ఎదురుగుండా ఉంది. దాంతోనే సెప్పు."

"నేను దాంతో మాట్టాడను."

మూడు రోజులుగా ఇదే వరస. మామగారి మాట అత్తగారి మీదుగా కోడలికి, కోడలి జవాబు అత్తగారి మీదుగా మామగారికి. మధ్యలో నూకరత్నానికి కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇక కొడుకు ఉమామహేష్ సంగతి అడక్కండి. కె.కోటపాడులో వ్యవసాయశాఖ ఉద్యోగం. ఇంట్లో గొడవ రేగిన రోజే అతగాడికి రైతుల మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొస్తుంది. రెండో శనివారం సెలవైనా పొద్దున్నే బండి తీసుకుని ఉడాయించాడు.

ఝాన్సీ అరుగు మీద నిలబడి అంతా వింది. ఒక చేతిలో ఫోను, ఇంకో చేత్తో గుండెకి అదుముకున్న లాప్‌టాప్. కళ్ళు ఎర్రగా ఉన్నాయి కానీ ఏడవలేదు. ఏడ్చే రకం కాదు. అదే ఆ ఇంట్లో సగం గొడవలకి మూలం.

"నాతో మాట్టాడకపోతే మానీండి మావయ్యా. నేను మాట్టాడతాను, ఇనండి," అంటూ అరుగు దిగి వచ్చింది. "మీ పెట్టెకి ముప్ఫై తొమ్మిది మెట్లు. ఒక్కో మెట్టు మూడేసి సార్లు. మెల్లగా గాలేసి ఓసారి, మామూలుగా ఓసారి, గట్టిగా ఓసారి. ఫేను కట్టేసి, ఫ్రిజ్జు కట్టేసి, అత్తని కుక్కరు కూడా పెట్టనీకుండా పదకొండు రోజులు రికార్డు సేసేం. పక్కన కూకుని గాలేసింది మీరే. ఆ పదకొండు రోజుల్లో ఒక్కనాడైనా సెప్పేరా, ఆ గాంధారం మెట్టు నేనే కావాలని తగ్గించేనూ అని?"

పెదబాబు భార్యవైపు తిరిగాడు. "అది అడిగిందేటి? సైకిలు రిపేరోడు కూడా బ్రేకు బిగించే ముందు ఓ మాట అడుగుతాడు."

"అదీ నిజమే," అంది నూకరత్నం.

"అత్తా!"

"మరేటి, నిజమే కదే. అడగాల్సింది."

నిజమే. అడగాల్సింది. ఆ మాట ఝాన్సీకీ తెలుసు. తెలిసిన తప్పుని ఒప్పుకోవడానికే మనిషికి ఎక్కువ టైం పడుతుంది.

ఆ పిల్ల కట్టింది ఆన్‌లైన్ పియానో. పేరు ‘మెట్లు’. డౌన్‌లోడ్ అక్కర్లేదు, లింకు నొక్కితే చాలు, తెర మీద నల్లవీ తెల్లవీ మెట్లు పరుచుకుంటాయి. విశాఖపట్నంలో ఉద్యోగం మానేసి, చోడవరంలో ముందుగదిలో కూర్చుని ఏడాదిన్నర దాని మీదే ఉంది. అందులో ఎనిమిది నెలలు ఒకే ఒక్క జబ్బుతో కుస్తీ పట్టింది. వేలు తగిలిన క్షణానికీ స్వరం పలికే క్షణానికీ మధ్య ఆలస్యం. ఖరీదైన ఫోన్‌లో ఎవరైనా పలికిస్తారు. అద్దం పగిలిన చవక ఫోన్‌లో కూడా వేలు పడ్డ చోటే స్వరం పలకాలని ఆ పిల్ల పంతం. పలికించింది! ఊళ్ళో "ఇంట్లో కూకుని బొమ్మలాట ఆడతాంది" అన్న నోళ్ళే ఇప్పుడు పిల్లల చేత అందులో సరిగమలు నేర్పించుకుంటున్నాయి.

పియానో శబ్దం ఇంటర్నెట్‌లో వందమంది దగ్గర దొరుకుతుంది. ఝాన్సీ దగ్గర మాత్రమే దొరికేది ఇంకోటుంది. తెర పక్కన ‘పెదబాబు పెట్టె’ అని ఒక బొత్తం. అది నొక్కితే ఆ పియానో మెట్ల మీదే పెదబాబు హార్మోనియం పలుకుతుంది. నలభై ఏళ్ళు పద్యనాటకాలకి వాయించిన పెట్టె అది. ఎక్కడెక్కడివాళ్ళో దాన్ని వాయించుకుని మెచ్చుకున్నారు. మెచ్చుకుంటూనే కొంతమంది రాశారు, నడిమి గాంధారం మెట్టు ఆవగింజంత కిందికి పలుకుతోంది, శ్రుతి తప్పింది, చూసుకోండి అని. ఝాన్సీ చూసుకుంది. ఓ మధ్యాహ్నం కూర్చుని, ఆ స్వరాన్ని కాస్త పైకి లాగి సరిచేసింది. పెదబాబుకి ఆ మాట చెప్పలేదు.

ఆయనకి తెలిసింది బస్‌స్టాండ్ దగ్గర టీకొట్టులో.

"ఆ రోజేటయ్యిందో తెలుసా దీనికి?" అన్నాడు పెదబాబు. మాట భార్యకే చెబుతున్నాడు, చూపు మాత్రం కోడలి మీదే ఉంది. "ఎవడో ఫోన్‌లో నా పెట్టె వాయిస్తన్నాడు. నా పెట్టె! సెవిని పడగానే గుండె ఇంతయ్యింది. ‘ఒరే, అది నాదిరా, మా కోడలు సేసింది’ అని కొట్టులో ఉన్న పదిమందినీ పిలిసేను. గాంధారం ఇనండ్రా, ఇలాంటి గాంధారం ఇంకే పెట్టెలోనూ ఉండదు అని నా ఏలుతోనే నొక్కేను. ఏటి పలికింది? బజార్లో కొన్న కొత్త పెట్టెలాగ పలికింది. ‘అన్ని పెట్టెల్లాగే ఉంది కదా పెదబాబూ’ అన్నారు. నా మొహం ఎక్కడెట్టుకోను?"

శివాజీ అద్దం తుడుస్తున్నట్టు నటిస్తూ అంతా వింటున్నాడు.

‘మా కోడలు సేసింది’ అని పదిమందినీ పిలిచాడట. ఆ మాట ఈ మూడు రోజుల్లో ఎవరూ ఝాన్సీకి చెప్పలేదు.

"నేను ఊరికే దిద్దలేదు మావయ్యా," అంది, ఈసారి మెల్లగా. "ఆ మెట్టు మీ నాటకాల్లో పద్యాలు పాడిన సన్యాసినాయుడు గారి గొంతుకి తగ్గించేరని ఊళ్ళో అంటారు కదా. ఆయన పద్యాల కేసెట్టు బీరువాలో ఉంటే తీసి, కంప్యూటర్లో కొలిసేను. ఒకటి కాదు, పన్నెండు పద్యాలు. ఆయన గాంధారం సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. ఆవగింజంత కూడా దిగలేదు. అందుకే మెట్టు కింద రేకు, ఆ రీడు పాతబడి స్వరం జారిందనుకున్నాను."

పెదబాబు పెట్టెని సీటు మీద ఇంకాస్త లోపలికి జరిపాడు.

"ఆయన గొంతుకి కాకపోతే మరెవరి గొంతుకి తగ్గించేరు?"

"శివాజీ, పోనీరా," అన్నాడు పెదబాబు ఆటోలో కూర్చుంటూ.

"ఆవిడ గేటు తియ్యట్లేదు కదా బాబూ."

నూకరత్నం గేటు తియ్యలేదు. ఆవిడ ఇప్పుడు మొగుడి మొహంలోకి చూస్తోంది. చింతపండు పిసకడం ఎప్పుడో ఆపేసింది.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

హైదరాబాదులో ఆన్‌లైన్ సంగీత పాఠాలు చెప్పే బడి నడిపే ఫణిశ్రీ మేడమ్. నాలుగు వేలమంది పిల్లలున్నారట. అందరికీ ‘మెట్లు’నే ఇద్దామా వద్దా అన్నది ఇవాళ తేల్చి చెబుతానంది. ఝాన్సీ ఏడాదిన్నరగా ఎదురుచూసిన ఫోను. అది వచ్చేసరికి ఆ పిల్ల వాకిట్లో, ఆటో పక్కన, చెదిరిన జుట్టుతో ఉంది.

"నమస్తే మేడమ్."

"నమస్తే ఝాన్సీ గారూ. పియానో చూశాను. మా పనిమనిషి ఫోన్‌లో కూడా వాయించి చూశాను, అంత వేగంగా పలుకుతుందని అనుకోలేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నారండీ ఇదంతా?"

"సొంతంగానే మేడమ్." ఆ మాట అన్నప్పుడు ఝాన్సీ తల కాస్త పైకి లేచింది. లేస్తే తప్పేముంది?

"ఆ హార్మోనియం చూపిస్తానన్నారు?"

ఝాన్సీ ఫోన్‌ని ఆటో లోపలికి తిప్పింది. ఇంకేం చేస్తుంది పాపం? తెర మీద వెనక సీటు, సీటు మీద పెట్టె, పెట్టె పక్కన కదలకుండా కూర్చున్న పెద్దమనిషి.

"ఈయనేనా పెదబాబు గారు? నమస్కారమండీ. మీ చెయ్యి వినాలని ఉంది. రెండు నిమిషాలు వాయిస్తారా?"

కోడలి మీద కోపం ఉండొచ్చు. కానీ నలభై ఏళ్ళు పెట్టె వాయించినవాడికి, పై ఊరి మనిషి మర్యాదగా ఒకసారి వినిపించమంటే, కాదనడం ఎలాగ? పెదబాబు కండువా సర్దుకున్నాడు. సీటు మీదే పక్కకి తిరిగి, ఎడమచేత్తో గాలి అందుకున్నాడు. శివాజీ చప్పున ఇంజను కట్టేశాడు.

ఎప్పుడో రాత్రుళ్ళు వేల జనాన్ని కూర్చోబెట్టిన చెయ్యి అది. పద్యానికి ముందు వాయించే ఎత్తుగడ అందుకున్నాడు. రోడ్డు మీద చెరుకు ట్రాక్టరు ఒకటి నెమ్మదించి, వింటూ దాటి వెళ్ళింది. నడిమి గాంధారం దగ్గరకొచ్చి పెదబాబు కావాలనే ఆగాడు. స్వరం కిందికి వంగి, ఏదో అడుగుతున్నట్టు పలికింది.

"బాగుందండీ," అంది ఫణిశ్రీ. "ఆ గాంధారం ఒక్కటే కిందికి ఉంది. యాప్‌లో సరిచేశారు కదా ఝాన్సీ గారూ, మంచి పని చేశారు."

పెదబాబు చెయ్యి మెట్ల మీద నుంచి జారిపోయింది. సంచి ఒళ్ళోకి తీసుకుని ముందుకి చూస్తూ కూర్చున్నాడు.

ఝాన్సీ ఆ మొహం చూసింది. తన మామగారిని తను కాక ఇంకెవరో తప్పుపడితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఒళ్ళు మండింది.

"లేదు మేడమ్, చెడ్డ పని చేశాను." ఫోన్‌ని ఆటో కమ్మీకి ఆనించి, లాప్‌టాప్‌ని పెట్టె మీదే తెరిచింది. "ఆయన్ని అడక్కుండా దిద్దాను. ఇప్పుడే మీ ముందే పాతది పెట్టేస్తున్నాను." వేళ్ళు నాలుగుసార్లు కదిలాయి. "పెట్టేశాను. ఇక దీన్ని దిద్దను."

"ఝాన్సీ గారూ, తొందరపడకండి. చిన్నపిల్లల చెవి ఇప్పుడిప్పుడే తయారవుతుంది. శ్రుతి తప్పిన మెట్టు వాళ్ళకెలా ఇవ్వను చెప్పండి? ఇలా అయితే మేం ఇంకో యాప్ చూసుకోవాలి."

"చూసుకోండి మేడమ్."

"ఓలమ్మో!" అంది నూకరత్నం గేటు దగ్గర్నుంచి. ఏడాదిన్నర కష్టం రోడ్డు పాలవుతుంటే ఆవిడ గుండె ఆగినంత పనయ్యింది. పెదబాబు కూడా అదిరిపడి కోడలివైపు తిరిగాడు. మూడు రోజుల్లో మొదటిసారి నేరుగా ఆ పిల్లతో మాట్లాడాడు.

"ఏటమ్మా అది? బంగారంలాంటి పని పోగొట్టుకుంటావేటి? నా మెట్టు కోసం?"

"మీ మెట్టు కోసమే."

ఫణిశ్రీ మంచి మనిషే. పంతులమ్మ బుద్ధి కనక అడిగింది. "పోనీ ఒక్కటి చెప్పండి పెదబాబు గారూ. పాడే గొంతుని బట్టి రీడు గీకుతారని విన్నాను. అది తప్పు కాదంటే, ఆ గాంధారంలో పాడేవాళ్ళెవరైనా ఉండాలి కదా. ఒక్కరు పాడి వినిపిస్తే చాలు, నేను ఒప్పుకుంటాను."

సన్యాసినాయుడు పోయి నాలుగేళ్ళయ్యింది. ఉన్నా అతనిది ఆ గాంధారం కాదని కేసెట్టే చెప్పేసింది. పెదబాబు చూపు గేటువైపు వెళ్ళింది, మళ్ళీ దిగిపోయింది.

నూకరత్నం గిన్నెని గేటు దిమ్మ మీద పెట్టింది. చింతపండు చేతులు చీరకొంగుకి తుడుచుకుంది.

"గాలెయ్యి," అంది.

"రత్నం..."

"గాలెయ్యమన్నాను."

పెదబాబు గాలి వేశాడు. నూకరత్నం అందుకున్నది పద్యం కాదు. నాట్ల పాట. వరినాట్లప్పుడు వంగి వెనక్కి నడుస్తూ పదిమంది ఆడవాళ్ళు పాడుకునే పాట. మొదటి రెండు ముక్కలు గొంతు బొంగురుగా వచ్చాయి. వాడక పోయిన గొంతు మరి. మూడో ముక్కకి తెరుచుకుంది. ఆ పాట ఎక్కివెళ్ళి, ఆ గాంధారం మీద వాలి, అక్కడే నిలబడింది. పెట్టె పలికిందీ, ఆవిడ పాడిందీ వేరువేరుగా వినిపించలేదు. ఆవగింజంత తేడా కూడా లేదు.

ఝాన్సీకి పెళ్ళయ్యి ఆరేళ్ళయ్యింది. అత్తగారు పాడగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

పాట ఆగాక ఫణిశ్రీ, "దిద్దకండి," అంది. "దయచేసి ఆ మెట్టుని దిద్దకండి. పియానో శబ్దం పక్కా శ్రుతిలో ఉంది, పాఠాలకి అది చాలు. పెట్టె పెట్టెలాగే ఉండనీండి. మా పిల్లలకి రెండూ వినిపిస్తాను. ఆవిడెవరండీ?"

"నా పెళ్ళామండి," అన్నాడు పెదబాబు.

ఇక దాచి ప్రయోజనం లేదు. ఆటోలో కూర్చునే చెప్పేశాడు. "పెళ్ళయిన యేడు. వడ్డాదిలో మా మడిలో నాట్లేస్తా పాడింది. గట్టు మీద నిలబడి ఇన్నాను. ఇంటికెల్లి ఆ రాగం వాయిస్తే గాంధారం దగ్గర పెట్టె కలవలేదు. బ్లేడెట్టి రీడు మొదట్లో గీకేను. కలిసింది. నాటకాల్లో ఆ మెట్టు పలికితే జనం ఊగిపోయేవోరు. ఎవరి గొంతుకి గీకేవని నాటక సమాజంలో అడిగితే..." ఆగాడు. "పెళ్ళాం గొంతుకి అంటే నవ్వుతారని, సన్యాసినాయుడు గొంతుకని సెప్పేను. అలాగే ఉండిపోయింది."

"అయితే యాప్‌లో ఆ శబ్దం కింద ఆవిడ పేరు కూడా ఉండాలి," అంది ఫణిశ్రీ. "ఆ పేరు వేసి సోమవారం పొద్దున్నకి పంపెయ్యండి ఝాన్సీ గారూ. అదే రోజు పిల్లల చేతికి ఇచ్చేద్దాం. నాలుగు వేలమందికీ."

నాలుగు వేలమంది! శివాజీ ఈల వేశాడు. ఝాన్సీ కళ్ళు అప్పుడు నిండాయి. చోడవరం ముందుగదిలో కూర్చుని కట్టిన పియానో! కళ్ళు తుడుచుకోకుండానే లాప్‌టాప్ మీద వంగింది. ‘పెదబాబు పెట్టె’ అన్న అక్షరాల పక్కన చోటు చేసుకుని, తలెత్తి నవ్వింది.

"అత్తా, నూకరత్నం అని రాసేనా? ఇంటిపేరు కూడా ఎయ్యనా?"

"ఆగు," అంది నూకరత్నం.

ఆ గొంతులో ఇందాకటి పాట లేదు. గేటు దగ్గర్నుంచి కదిలి ఆటో దగ్గరకి వచ్చింది. మొగుడికి ఎదురుగా నిలబడింది.

"ఆ మెట్టు నాదని నాకు మొదటి నాటకంనాడే తెలుసు. ఆడోళ్ళలో కూకుని ఇన్నాను. సెప్తావేమోనని ఆ రాత్రి సూసేను. తరవాత ప్రతి నాటకానికీ సూసేను. నువ్వు సన్యాసినాయుడు పేరు సెప్తా ఉంటే, పక్కనే కూకుని వత్తులు సేసుకున్నాను. నా అంతట నేను సెప్పుకోడానికి నాకూ ఉంది పౌరుషం."

"రత్నం, ఫోను ఇంకా ఉంది..."

"ఉండనీ. కోడలు నిన్ను ఒక్క మాట అడగలేదని మూడ్రోజులు దాని సేతి కూడు ముట్టలేదు నువ్వు. పెట్టె పట్టుకుని ఊరెళ్ళిపోతన్నావు. నా గొంతు తీసుకెళ్ళి నీ పెట్టెలో పెట్టుకున్నావు. ముప్ఫై నాలుగేళ్ళు సప్పట్లు కొట్టించుకున్నావు. నన్నెప్పుడడిగేవు?"

పెదబాబు సంచి ఒళ్ళోంచి తీసి కింద పెట్టాడు. ఆటో కమ్మీ పట్టుకుని మెల్లగా దిగి నిలబడ్డాడు. పెళ్ళాన్ని ఏదైనా అడిగిన అలవాటుంటే కదా, మాట చటుక్కున రావడానికి.

"నీ పేరు... కోడలు రాస్తానంటాంది," అన్నాడు చివరికి.

"కోడలు అడిగింది. నేనిన్నాను," అంది నూకరత్నం. "ఇప్పుడు నువ్వడుగు. అడిగేక, ఇవ్వాలో వద్దో నేను సెప్తాను."